పదిమందిలో పాము

(చెన్నై త్యాగరాయనగర్‌లో తెలుగువారి నెలవారీ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులకు, పెద్దలకు, అమ్మలకు నమస్కారం. ఇంత వానలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చినవారికి ఇంకొక నమస్కారం.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. పోయిన వారం సభ నిర్వహించేవారు ఫోను చేసి, ఏ విషయం మీద మాట్లాడతారని అడిగారు. నేను అప్పుడు పాలు పొంగకుండా పొయ్యి దగ్గర కాపలా ఉన్నాను. "పాము" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. ఆహ్వానపత్రంలో "తెలుగు సాహిత్యంలో సర్పం" అని అచ్చయింది. ముందు వరుసలో ఇద్దరు తెలుగు మాస్టార్లు కలం, కాగితం పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. మన్నించాలి. నేను చెప్పబోయే పాముకు సాహిత్యంతో సంబంధం లేదు. అది మా మోటారు గదిలోది. (నవ్వులు)

మనకొక సామెత ఉంది, పదిమందిలో పాము చావదని. చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ మాట అన్నప్పుడల్లా నాకు అనుమానం వచ్చేది. పదిమంది ఉంటే పది కర్రలుంటాయి, పాము పది రెట్లు త్వరగా చావాలి కదా అని లెక్క వేసేవాడిని. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. ఆ లెక్కల వల్లే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఆ లెక్కల వల్లే ఈ సామెత అర్థం కావడానికి పదవీ విరమణ దాకా పట్టింది.

మేముండేది వేలచ్చేరి దాటిన తరువాత. మిద్దె ఎక్కితే పళ్ళికరణై చిత్తడి నేల కనిపిస్తుంది. 2022లో దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఆ వార్త వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో కొందరు మిఠాయి పంచారు. కొంగల మీద ప్రేమతో కాదు, ఫ్లాటు ధర పెరుగుతుందని. పాములకు ఆ జాబితాతో పని లేదు. మనం రిజిస్ట్రేషన్ చేయించుకోక ముందు నుంచీ అవి అక్కడే కాపురం ఉన్నాయి. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం దిగగానే వాటి ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి, మన ఇళ్ళలోకి అవి వస్తాయి.

మాది ఇరవై నాలుగు ఇళ్ళ కట్టడం. సగం తమిళులు, సగం మనవాళ్ళు, ఒక మలయాళీ కుటుంబం. దానికి ఒక సంఘం. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. ఎలా అయ్యానో చెప్పాలి. మనం కూర్చున్న ఈ పేట ఎవరి పేరు మీద ఉంది? సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట్లో పుట్టినవారు. 1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచాక, ప్రభుత్వం ఏర్పాటు చేయమని గవర్నరు పిలిస్తే, నాకు వద్దన్నారు. మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి! వద్దన్నందుకు ఆయనకు ఒక పేట దక్కింది. మా సంఘంలోనూ ఇరవై ముగ్గురు కార్యదర్శి పదవి వద్దన్నారు. వాళ్ళ పేర్లు ఏ వీధికీ పెట్టలేదు. ఇరవై నాలుగోవాడిని నేను. ఆ రోజు మనవడి పుట్టువెంట్రుకలని తిరుపతిలో ఉన్నాను. కొండ దిగేసరికి ఏకగ్రీవంగా ఎన్నికైపోయాను.

సరే, పాము.

నాగుల చవితి అయి మూడు రోజులైంది. చవితి నాడు మా తెలుగువాళ్ళందరం పుట్ట ఎక్కడుందో కనుక్కుని, రెండు ఆటోలు మాట్లాడుకుని, పాలు పోసి, చలిమిడి పెట్టి, "మా జోలికి రాకు తండ్రీ" అని దండం పెట్టుకుని వచ్చాం. ఆటోకు ఎంత అయిందో అడగకండి. మూడు రోజులకు ఆయనే స్వయంగా ఇంటికి వస్తే ఒక్కరం పలకరించలేదు.

పొద్దున్న ఆరు గంటలకు మోటారు వేయడానికి వెళ్ళిన వాచ్‌మన్ వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చాడు. ఒడిశా కుర్రవాడు, కొత్తగా చేరాడు, భాష అంతగా రాదు. చెయ్యి పడగలా పట్టి చూపించాడు. అంతే, అతని చేతిని బట్టి అది నాగుపాము అని అందరూ నిర్ణయించేశారు. పామును ఇంకా ఎవరూ చూడలేదు.

చూశాం. స్విచ్ బోర్డు కింద, పాత పెయింటు డబ్బాల మధ్య చుట్ట చుట్టుకుని ఉంది. బాగా పొడవు. నేను మెట్ల మీద నుంచి చూశాను. కార్యదర్శి కాబట్టి నాలుగో మెట్టు మీద నిలబడ్డాను. అందరినీ గమనించాలి కదా.

ఐదు నిమిషాల్లో గది గుమ్మం ముందు పదిమంది చేరారు. నిజంగా లెక్కపెట్టాను, నాతో పదకొండు. ఆ తరువాత జరిగింది ఒక సభ. రెండో అంతస్తు మామి వెల్లుల్లి దంచి వేయమన్నారు. ఒకాయన కార్బాలిక్ యాసిడ్ చల్లాలన్నారు. పాములు పట్టేవాళ్ళను అడగండి, ఈ రెండింటికీ ఏ పామూ భయపడదని చెబుతారు. నెల్లూరాయన ఒకరు, పాము జంటగా వస్తుంది కాబట్టి రెండోది ఎక్కడుందో వెతకాలన్నారు. ఉన్నదాన్ని ఏం చేయాలో తెలియనప్పుడు లేనిదాన్ని వెతకడం మనిషికి పెద్ద ఊరట. అందరూ రెండో పాము కోసం కార్ల కింద వెతికారు. ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పైన పడుకున్నవాళ్ళు అక్కడి నుంచే సలహాలు పంపారు. ఒకరు "ఓం నమశ్శివాయ" అని పెట్టారు. ఒకరు ఎప్పటిలాగే శుభోదయం గులాబీ పువ్వు పెట్టారు. ఆయన ఏమీ చదవరు, పువ్వు మాత్రం పెడతారు.

ఇంత గోలలో పాము కదలలేదు. పాముకు బయటి చెవులు ఉండవు. అపార్ట్‌మెంట్ సంఘంలో ఉండటానికి అంతకంటే అనువైన శరీరం సృష్టిలో లేదు. (నవ్వులు)

ఆరుంపావుకు మొదలైన ఈ చర్చ ఎనిమిది దాకా ఎందుకు సాగిందో తెలుసా? ఎనిమిదికి మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయింది కాబట్టి. అప్పటిదాకా అది పర్యావరణ సమస్య. కుళాయి ఆగగానే సబ్బు నురుగుతో ఒకాయన మెట్లు దిగి వచ్చారు. "ఎవరైనా ఏదైనా చేయండి" అన్నారు. ఆయన ఎవరితో అన్నారు? అందరూ వెనక్కి తిరిగి చూశారు. చివర ఉన్నవాడి వెనక గోడ ఉంది.

పామును అక్కడే ఉంచి మనం కాసేపు పక్కకు వెళదాం. మేమూ అదే చేశాం.

ఫ్రాన్సులో మాక్సిమిలియన్ రింగెల్మాన్ అని ఒక వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఎవరు ఎంత బలం పెడుతున్నారో కొలిచాడు. 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరూ తన బలంలో ఇంచుమించు సగమే పెట్టారని తేలింది. అంటే నలుగురు లాగినట్టు. మిగతా నలుగురు ఎక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు. తాడు పట్టుకునే ఉన్నారు, పళ్ళు బిగించే ఉన్నారు. పెళ్ళిపందిట్లో బరువైన బల్ల మోసేటప్పుడు గమనించండి. "హైలెస్సా" అని అందరికంటే గట్టిగా అరిచేవాడి చేతులు బల్లకు ఆని మాత్రమే ఉంటాయి.

అయితే ఇది బద్ధకమా? చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. కాదని ఇంకొక ప్రయోగం చెబుతుంది. అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1968లో ప్రచురించింది. ఒక విద్యార్థిని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నల కాగితం నింపమంటారు. కాసేపటికి గోడ రంధ్రంలోంచి పొగ వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు నూటికి డెబ్బై అయిదు మంది లేచి వెళ్ళి చెప్పారు. అదే మనిషికి అటూ ఇటూ ఇద్దరిని కూర్చోబెట్టి, ఆ ఇద్దరికీ ఏమీ పట్టనట్టు ఉండమని ముందే చెప్పి ఉంచితే? పదిమందిలో ఒక్కడే లేచాడు. మిగతావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ కాగితాలు నింపారు!

పొగ కనబడలేదా? కనబడింది. కాని వాళ్ళు పొగను చూడలేదు, పక్కవాడి ముఖం చూశారు. పక్కవాడు నిశ్చింతగా ఉన్నాడు, నేనెందుకు లేచి అల్లరిపాలు కావాలి అనుకున్నారు. మన ఊళ్ళల్లో దీనికి ప్రయోగశాల అవసరం లేదు. పెళ్ళిలో పప్పులో ఉప్పు లేదు. బంతి మొత్తానికీ తెలుసు. అందరూ పక్క విస్తరి వైపు చూస్తారు, అందరూ తింటూనే ఉంటారు. ఎవరో ఒక పసివాడు "ఉప్పు లేదు" అని అరిస్తే, వాళ్ళమ్మ వాడి తొడ గిల్లుతుంది. తరువాత అందరూ ఉప్పు వేయించుకుంటారు.

ఇక్కడ నేనొక నేరం ఒప్పుకోవాలి. నేను పుట్టింది గూడూరు దగ్గర పల్లెలో. పొలం గట్ల మీద పెరిగినవాడిని. నాలుగో మెట్టు మీద నుంచి చూసిన మరుక్షణమే నాకు తెలుసు, అది జెర్రిపోతు. విషం లేదు, పడగ లేదు, ఎలుకలు తిని మనకు మేలు చేసేది. ఆ మాట చెబితే పది నిమిషాల్లో పని అయిపోయేది. చెప్పలేదు. ఎందుకు? ఒకవేళ నాగుపాము అయితే? ఎవరినో కరుస్తుందని కాదు నా భయం. "మన కార్యదర్శికి జెర్రిపోతుకీ నాగుపాముకీ తేడా తెలియదు" అని ఆ గ్రూపులో జీవితాంతం అంటారని. పాము కాటుకు మందుంది. గ్రూపు కాటుకు లేదు.

మందు అన్నాను కనుక దాన్ని మనకు అందించేవాళ్ళ గురించి చెప్పకుండా పోతే పాపం. ఇక్కడి నుంచి మహాబలిపురం వెళ్ళే సముద్రపు దారిలో వడనెమ్మేలి అని ఒక ఊరుంది. అక్కడ పాములు పట్టే ఇరుళులు అనే గిరిజనుల సహకార సంఘం ఉంది. 1978లో పెట్టారు. ఒకప్పుడు ఇరుళులు పాముల్ని పట్టి తోళ్ళు అమ్ముకుని బతికేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాత తోళ్ళ ఎగుమతిపై నిషేధం వచ్చాక ఆ బతుకు ఆగిపోయింది. అప్పుడు ఈ సంఘం పుట్టింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినీ పట్టి, విషం తీసి, పామును మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే విరుగుడు మందు తయారవుతుంది. అదీ సంఘమే, మాదీ సంఘమే. మాటల్లో ఎంత మోసం ఉందో చూడండి.

ఆ ఇరుళుల్లో ఇద్దరు, మాసి సడయన్, వడివేల్ గోపాల్. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో బర్మా కొండచిలువలు విపరీతంగా పెరిగిపోయాయి. ఎవరో ముచ్చటపడి పెంచుకుని వదిలేసిన వాటి సంతానం. అక్కడి జంతువులన్నిటినీ మింగేస్తున్నాయి. 2016లో వాటిని పట్టడానికి పెద్ద పోటీ పెట్టారు. వెయ్యిమందికి పైగా వేటగాళ్ళు పాల్గొన్నారు. నెల రోజుల్లో పట్టినవి 106. మరుసటి ఏడాది మన చెంగల్పట్టు వైపు నుంచి ఈ ఇద్దరినీ పిలిపించారు. తోడుగా ఇద్దరు దుబాసీలు. పని చేయడానికి ఇద్దరు, మాట్లాడటానికి ఇద్దరు, ఎంత సరైన లెక్కో. మొదటి ఎనిమిది రోజుల్లో వాళ్ళు పదమూడు కొండచిలువల్ని పట్టారు. వెయ్యిమందికి నెలకు 106 అంటే మనిషికి ఎంత పడుతుందో నేను బ్యాంకు లెక్క కట్టి చూశాను. పదిమందికి ఒక పాము పడింది. పదిమందిలో పాము! మా నాయనమ్మ ఫ్లోరిడా వెళ్ళలేదు. (చప్పట్లు)

2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. నాకు వాళ్ళలో నచ్చింది ఒక్కటే. కాలినడకన పొదల్లోకి దిగి నేలను చూసేవారు, గుర్తులు చూసేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడలేదు.

అలాగని పదిమందిని నేను పూర్తిగా తిట్టను. ఒక్కడు చేసిన పని మంచిదేనని ఎవరు చెప్పారు? ఈ నగరాన్నే చూడండి. 1639 ఆగస్టు 22. ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషువాడు సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి కొంచెం ఇసుక నేల అడిగాడు. మన దామెర్ల వెంకటప్ప నాయకుడు ఇచ్చేశాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే ఇది చెన్నపట్నం అయిందని ఎక్కువమంది చెప్పే మాట. ఒక్క మనిషి నిర్ణయం, ఒక్క పత్రం. అదే ఆయనకు మా సంఘంలాంటి కార్యవర్గం ఉండి ఉంటే? స్థలానికి ఎన్ని రూకలు తీసుకోవాలన్నది మొదటి సమావేశం. దొరల గుర్రాలు ఎక్కడ కట్టేయాలన్నది రెండోది. దొరల వంటవాసన మనవైపు వస్తుందా అన్నది మూడు, నాలుగు, అయిదు సమావేశాలు. ఫ్రాన్సిస్ డే ఈనాటికీ మెరీనా ఇసుకలో టోపీ పట్టుకుని నిలబడి సుండల్ తింటూ ఉండేవాడు. దేశానికి రెండు శతాబ్దాల బాధ తప్పేది. (నవ్వులు)

పాము వైపు నుంచి ఆలోచించినా అంతే. పాముకు పదిమంది దొరకడం అదృష్టం. తెలివైనవాడు ఒక్కడు దొరికితేనే ప్రమాదం.

ఇప్పుడు మోటారు గదికి వద్దాం. ఎనిమిదింపావు. నీళ్ళు లేవు. అప్పటికి నాకొక బుద్ధి పుట్టి, "అగ్నిమాపక దళానికి ఎవరు ఫోను చేశారు?" అని అడిగాను. చెన్నైలో వాళ్ళు వచ్చి పాముల్ని పట్టుకుపోతారు. గిండీలో అటవీశాఖవారున్నారు, వాళ్ళూ వస్తారు. అందరికీ తెలిసిన సంగతే. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎవరూ చేయలేదు. "మీరు చేశారనుకున్నాం" అన్నారు. నేను వాళ్ళు చేశారనుకున్నాను. రెండు గంటలుగా పాముకు ఫోటోలే తప్ప ఒక్క ఫోను లేదు.

అప్పుడే మా గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ బట్టల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. చిత్తూరు దగ్గరి మనిషి. మాతో తెలుగు, మామితో తమిళం, వాచ్‌మన్‌తో హిందీ మాట్లాడుతుంది. మూట దించకుండానే మా భుజాల మధ్య నుంచి లోపలికి తొంగి చూసింది.

"సారైప్పాంబు" అంది మామితో. నాతో, "జెర్రిపోతే కదయ్యా" అంది.

ఎంత సిగ్గేసిందో.

"మరి బయటికి పోదేమమ్మా, రెండు గంటలుగా అక్కడే ఉంది" అన్నాను.

ఆవిడ పామును వదిలి మావైపు చూసింది. గుమ్మాన్ని చూసింది. "ఎట్లా పోతుందయ్యా, మీరంతా వాకిట్లో నిలబడితే?" అంది.

ఆ గదికి ఒకటే గుమ్మం. కిటికీ లేదు. గుమ్మం నిండా మేము. రెండు గంటలుగా ఆ పాము మేము ఎప్పుడు పోతామా అని కాచుకుని కూర్చుంది. దానికి ఆ గదిలో ఏ పనీ లేదు. మాకు పనులుండి కూడా కదల్లేదు.

ఆవిడ అందరినీ పక్కకు జరిపింది. ప్రహరీ చిన్న గేటు తెరిచింది. దుప్పటి దులిపే కర్రతో నేల మీద రెండు దెబ్బలు కొట్టింది. జెర్రిపోతు విప్పుకుని, గోడవారగా జారి, గేటు దాటి, కాలువ గట్టు వైపు వెళ్ళిపోయింది. మహా అయితే ఒక నిమిషం. వాచ్‌మన్ మోటారు వేశాడు. సబ్బు నురుగాయన పైకి పరుగెత్తారు. మిగిలినవాళ్ళం అక్కడే ఇంకొక అరగంట నిలబడి, పామును ఎలా పంపించామో ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆదివారం సంఘం సమావేశం. తీర్మానాల పుస్తకం రాసేది నేను. మన తెలుగులో ఒక చక్కని సదుపాయం ఉంది, మాస్టార్లకు తెలుసు. "నేను చేశాను", "ఆమె చేసింది" అంటే కర్త ఉండాలి. "చేయడమైనది" అంటే కర్త అక్కర్లేదు. నిర్ణయించడమైనది, తెలియజేయడమైనది, ఆమోదించడమైనది. క్రియ ఉంటుంది, చేసినవాడు ఉండడు. మా పుస్తకంలో పన్నెండేళ్ళుగా అన్ని పనులూ వాటంతట అవే జరుగుతున్నాయి. నేనూ అలవాటు కొద్దీ రాశాను: "మోటారు గదిలో ప్రవేశించిన సర్పం విషయమై తగిన చర్య తీసుకోవడమైనది."

అందరూ బాగుందన్నారు. తరువాతి అంశం గేటు ముందు అడ్డంకుల తొలగింపు. నలభై నిమిషాలు నడిచింది. కార్లు తిప్పడానికి ఇబ్బందిగా ఉందని కొందరు, చూడటానికి బాగాలేదని కొందరు. చివరికి అదీ రాశాను: "దారికి అడ్డంగా ఉన్న ఇస్త్రీ బండిని వేరొక చోటికి మార్చవలసిందిగా కోరడమైనది." కింద సంతకం నాదే.

అయితే ఆ మాట ఆవిడకు ఎవరు చెప్పాలో తీర్మానంలో లేదు. అధ్యక్షులు చెబుతారని కోశాధికారి, కోశాధికారి చెబుతారని మామి, కార్యదర్శి చెబుతారని అందరూ. ఇది జరిగి ఏడాది దాటింది. బండి అక్కడే ఉంది. పోయిన ఆదివారం నాలుగు చొక్కాలు ఇస్త్రీకి వేశాను. ఈ సభకు వేసుకుని వచ్చింది వాటిలో ఒకటి.